తాకట్టు పెట్టాను, అమ్మలేదు: వేలం వేశాక కూడా వడ్డీ కట్టించుకున్న మీ బ్రాంచి మీద ఫిర్యాదు

నరసరావుపేట,
27 మార్చి 2025.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
బంగారు రుణాల విభాగం, ప్రధాన కార్యాలయం.

విషయం: నాకు తెలియకుండా నా నగలు వేలం వేయడం, ఆ తర్వాత వడ్డీ కట్టించుకోవడం, తూకంలో 2.3 గ్రాముల తేడా గురించి.

అయ్యా,

ఈ నెల 18న మీ నరసరావుపేట బ్రాంచికి వెళ్ళి నా బంగారం మీద వడ్డీ 11,700 రూపాయలు కట్టాను. కౌంటర్లో అబ్బాయి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, రశీదు మీద ముద్ర వేసి ఇచ్చాడు. "మేనేజరు గారు ఊళ్ళో లేరమ్మా, సోమవారం వచ్చి రెన్యువల్ కాగితాల మీద సంతకం పెట్టండి" అన్నాడు. 24వ తేదీ సోమవారం పొద్దున్నే వెళ్ళాను. మేనేజరు గారు కంప్యూటర్లో చూసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "మీ నగలు 12వ తేదీనే వేలంలో పోయాయమ్మా" అన్నారు.

12న వేలం అయిపోతే 18న నా దగ్గర వడ్డీ దేనికి తీసుకున్నారు? నేను ఈ ఉత్తరం రాసేది ముఖ్యంగా ఈ ప్రశ్నకు జవాబు కోసమే. మేనేజరు గారిని అడిగితే "సిస్టంలో అప్‌డేట్ కాలేదు" అన్నారు. వేలం వేయడానికి అప్‌డేట్ అయిన సిస్టం, వడ్డీ తీసుకునేటప్పుడు ఎందుకు కాలేదో ఆయన చెప్పలేకపోయారు. మీరైనా చెప్పాలి.

మొదటి నుంచీ చెప్తాను. మేం కౌలుకు మిర్చి వేస్తాం. 2024 మే 20న కౌలు డబ్బుకీ విత్తనాలకీ మా అమ్మ ఇచ్చిన గుళ్ళపేరు (లోపల లక్క నింపిన బంగారు గుళ్ళ దండ), నాలుగు గాజులు మీ దగ్గర పెట్టి 1,95,000 రూపాయలు తీసుకున్నాను. తొమ్మిది నెలల గడువు, నూటికి రూపాయిన్నర వడ్డీ. అసలు అప్పుడు మా ఆయన అమ్మేద్దామన్నారు. బజార్లో అడుగడుగునా "పాత బంగారం కొంటాం" బోర్డులే కదా. నేనే వద్దన్నాను. అమ్మబోతే తరుగు తీస్తారు, లక్క తీస్తారు. రేపు మళ్ళీ చేయించుకోవాలంటే మజూరీ ఇవ్వాలి, తరుగు ఇవ్వాలి, పైన మూడు శాతం జీఎస్టీ. అన్నిటికీ మించి అమ్మ చేతి గుళ్ళపేరు ఏ కొట్లోనూ మళ్ళీ దొరకదు. అందుకని తాకట్టు పెట్టాను. తాకట్టు పెట్టడమంటే తిరిగి తెచ్చుకుంటామనే కదా పెట్టడం. మీరు నా సంతకం తీసుకున్న కాగితం మీద కూడా తాకట్టు అనే ఉంది.

ఆ రోజు నగల నాణ్యత చూసే మీ అప్రైజరు నా ఎదుటే గీటురాయి మీద గీసి చూశాడు. పాత నగలు కాబట్టి హాల్‌మార్కు లేదు, అయినా 22 క్యారెట్లే అని చీటీలో రాశాడు. మొత్తం తూకం 46.8 గ్రాములు. గుళ్ళల్లో లక్క, దారం కింద 5.6 గ్రాములు తీసేసి నికరం 41.2 గ్రాములు వేశాడు. గుళ్ళపేరు తెలిసినవాళ్ళకి లక్క సంగతీ తెలుసు కాబట్టి నేనూ ఒప్పుకున్నాను. ఆ చీటీ నా దగ్గర ఉంది.

ఇప్పుడు మీరు ఇచ్చిన వేలం లెక్కలో అవే నగలకు మొత్తం తూకం 46.8 గ్రాములే ఉంది. తీసేసింది మాత్రం 7.9 గ్రాములు. నికరం 38.9. పది నెలలు మీ ఇనప్పెట్టెలో ఉన్న గుళ్ళల్లోకి 2.3 గ్రాముల లక్క కొత్తగా ఎక్కడి నుంచి వచ్చింది? అప్పు ఇచ్చేటప్పుడు ఒక తూకం, అమ్మేటప్పుడు ఒక తూకం అయితే ఆ రెండో తూకం ఎవరు వేశారు, ఎవరి ఎదుట వేశారు? నేనైతే అక్కడ లేను. మీరు గ్రాము 7,050కి అమ్మామన్నారు. ఆ లెక్కన ఈ ఒక్క తేడాకే 16,215 రూపాయలు.

వడ్డీ నేను ఎగ్గొట్టినదాన్ని కాదు. ఆగస్టు 20న 8,775, నవంబరు 20న 8,775 కట్టాను. ఫిబ్రవరిలో గడువు తీరే నాటికి మా చేతిలో డబ్బు లేని మాట నిజం. ఈ ఏడు మిర్చి రేటు ఏమైందో గుంటూరు యార్డుకు పక్కనే బ్రాంచిలు పెట్టుకున్న మీకు నేను చెప్పాలా? ముందటేడు క్వింటా ఇరవై వేలు దాటిన సరుకు ఈ ఏడు దాదాపు సగానికి పడిపోయింది. ఫిబ్రవరి చివర్లో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించిందని విని, బస్తాలు అమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో ఉంచాం. ఆ ముందే, ఫిబ్రవరి 15న, బ్రాంచికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకోండి, మార్చి నెలాఖరు దాకా ఏం టెన్షన్ లేదు" అన్నారు. ఆ మాట నమ్మాను. గడువు తీరిన 20 రోజులకే వేలం వేశారు.

నోటీసు పంపామంటున్నారు. ఫిబ్రవరి 24న రిజిస్టర్డ్ పోస్టులో పంపారట, మా పాత అద్దె ఇంటికి. మేం అక్టోబరులో ఇల్లు మారాం. అదే నెలలో కొత్త ఆధార్ నకలు బ్రాంచిలో ఇచ్చి అడ్రసు మార్పించాను, మారినట్టు మీ దగ్గర్నుంచే మెసేజ్ కూడా వచ్చింది. ఇంకా చిత్రం ఏమిటంటే, "ఇల్లు మారారు" అని పోస్ట్‌మ్యాన్ రాసిన ఆ కవరు వెనక్కి వచ్చి మీ బ్రాంచి ఫైల్లోనే ఉంది. మేనేజరు గారే తీసి చూపించారు. కవరు వెనక్కి వచ్చిందంటే కబురు నాకు చేరలేదని మీకు తెలిసినట్టే. అప్పుడైనా ఒక్క ఫోన్ కొట్టచ్చు కదా. నా నంబరు మీ దగ్గర లేకపోలేదు. సంక్రాంతికి శుభాకాంక్షలు వచ్చాయి. "మీ బంగారానికి ఇంకా ఎక్కువ డబ్బు పొందండి" అని వారానికోసారి వస్తూనే ఉంది. వేలం కబురు ఒక్కటే దారి తప్పింది.

మా నాన్న ఊళ్ళో సేటు దగ్గర తాకట్టు పెట్టేవాడు. నూటికి రెండు రూపాయలు, ఒక్కోసారి మూడు కూడా గుంజేవాడు సేటు, ధర్మాత్ముడేమీ కాదు. కానీ గడువు దాటితే కుర్రాణ్ణి సైకిలు మీద ఇంటికి పంపేవాడు, వస్తువు పోతుంది చూసుకోండి అని. ఆ కుర్రాడు రావడం ఇంట్లో అందరికీ తలవంపులుగా ఉండేది గానీ, చెప్పకుండా అమ్మాడన్న మాట మాత్రం ఎప్పుడూ వినలేదు. రూపాయిన్నర వడ్డీకి ఆశపడి నేను మీ ఏసీ గదిలోకి వచ్చాను.

పోనీ బంగారం ధర పడిపోయి, మీ అప్పు తీరదేమోనన్న భయంతో తొందరపడ్డారా అంటే అదీ లేదు. నేను పెట్టిన నాటికీ ఇప్పటికీ ధర బాగా పెరిగింది. మీరు అమ్మిన నాడు 22 క్యారెట్లు గ్రాము ఎనిమిది వేలు దాటి ఉంది. ఎనిమిది వేలే లెక్క వేసినా నా 41.2 గ్రాములు 3,29,600 అవుతాయి. మీకు రావలసింది వడ్డీతో కలిపి రెండు లక్షల ఆరు వేల లోపు. ఇంకో నెల ఆగినా మీకు పైసా నష్టం ఉండేది కాదు.

వేలం ఎక్కడ జరిగిందని అడిగాను. "విజయవాడలో అనుకుంటా" అన్నారు. అనుకుంటా అంటే ఏమిటో నాకర్థం కాలేదు. మా అన్నయ్య కొడుకు బ్యాంకులో పనిచేస్తాడు, వాణ్ణి అడిగి రాస్తున్నాను. మీలాంటి కంపెనీలకు రిజర్వు బ్యాంకు పెట్టి, ఈ 2025 మార్చిలో అమల్లో ఉన్న నిబంధనల్లో, అప్పు ఇచ్చిన బ్రాంచి ఉన్న ఊళ్ళోనో తాలూకాలోనో మొదటి వేలం జరపాలని ఉంది. ముందుగా రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, అందులో ఒకటి ఇక్కడి భాషలో ఉండాలి. అంతకు ముందు 30 రోజుల సగటు ధరలో 85 శాతానికి తగ్గకుండా కనీస ధర పెట్టాలి. మీ కంపెనీ వేలంలో పాడకూడదు. వచ్చిన డబ్బెంతో బాకీ ఎంతో అప్పు తీసుకున్నవాళ్ళకు పూర్తిగా చెప్పి, మిగిలింది తిరిగి ఇవ్వాలి. నాకైతే ఒక పేజీ ప్రింటు చేతిలో పెట్టారు, అదీ నేను అడిగాక. పోయిన సెప్టెంబరు 30న రిజర్వు బ్యాంకు బంగారు అప్పుల్లో జరుగుతున్న తప్పుల మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది. వేలాల్లో పారదర్శకత లేదన్నది అందులో ఉంది. మూడు నెలల్లో సరిచూసుకుని చెప్పమని కూడా ఉంది. ఆ మూడు నెలలు డిసెంబరుతో అయిపోయాయి. నా నగలు మార్చిలో పోయాయి.

అంతకంటే పాత చట్టం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. తాకట్టు వస్తువు అమ్మే ముందు పెట్టినవాళ్ళకు తగినంత ముందుగా నోటీసు ఇవ్వాలని 176వ సెక్షను చెప్తుంది. గడువు దాటినా, వస్తువు నిజంగా అమ్ముడుపోయే క్షణం దాకా విడిపించుకునే హక్కు ఉందని 177 చెప్తుంది. కబురు అంది ఉంటే ఫిబ్రవరిలోనే నాలుగు బస్తాలు నష్టానికైనా అమ్మి వడ్డీ కట్టేదాన్ని. నాకు ఆ వీలు లేకుండా చేశారు.

ఇక మీ లెక్క. వేలంలో వచ్చింది 2,74,245. అందులో అసలు 1,95,000, వడ్డీ 10,770 తీసుకున్నారు, వాటి మీద నాకు పేచీ లేదు. అపరాధ వడ్డీ 3,900, వేలం ఖర్చులు 6,500, నోటీసు ఖర్చు 1,180 అని రాశారు. నాకు అందని నోటీసుకు నా దగ్గర 1,180 రూపాయలు! అన్నీ పోగా మిగిలింది 56,895 అని చూపించారు, అదీ ఈ రోజుకు నా ఖాతాలో పడలేదు. 18న నేను కట్టిన 11,700 ఆ లెక్కలో ఎక్కడా లేదు. అదే వడ్డీ వేలం డబ్బులోంచి ఒకసారి, నా చేతిలోంచి ఒకసారి తీసుకున్నారన్నమాట.

నాకు కావలసింది ఇది. ముందుగా, ఆ నగలు కొన్నవాళ్ళు ఎవరు, ఇంకా అలాగే ఉన్నాయా, కరిగించారా అన్నది వెంటనే కనుక్కుని చెప్పండి. ఉంటే, నేను కట్టాల్సింది కట్టి తీసుకుంటాను, బస్తాలు అమ్మైనా సరే. లేకపోతే 41.2 గ్రాముల తూకానికి, నేను డబ్బు అందుకునే రోజు ధరకు లెక్క కట్టి, అసలూ న్యాయమైన వడ్డీ మాత్రం మినహాయించుకుని మిగతాది ఇవ్వండి. నా 11,700 ఈ గొడవ తేలేదాకా ఆగక్కర్లేదు, దాన్ని ఈ వారమే వెనక్కి వేయండి. పేపరు ప్రకటనల నకళ్ళు, వేలంలో పాడినవాళ్ళ వివరాలు, రెండో తూకం చీటీ, ఫిబ్రవరి 15 నాటి నా ఫోన్ కాల్ రికార్డు కూడా పంపండి. కాల్స్ రికార్డు చేస్తామని ఫోన్ ఎత్తగానే మీరే చెప్తారు కదా.

కౌంటర్లో అబ్బాయి మీద మాత్రం చర్య తీసుకోకండి. వాడి ముందున్న తెరలో నా లోన్ ఇంకా నడుస్తున్నట్టే ఉంది, నేను కళ్ళారా చూశాను. రేపు ఈ తప్పంతా వాడి నెత్తిన రుద్ది ఉద్యోగం తీసేస్తే నాకు ఒరిగేదేమీ లేదు. తెర వెనక ఉన్నవాళ్ళు జవాబు చెప్పాలి.

30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారికి, ఫిర్యాదు చేస్తాను. రిజర్వు బ్యాంకు వాళ్ళ నంబరు 14448కు ఫోన్ చేసి పద్ధతి కనుక్కున్నాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదట. ఇది బెదిరింపు అనుకోకండి. తిరగడానికి నాకు ఓపిక ఉందని చెప్తున్నానంతే.

ఆదివారం ఉగాది. మీ దగ్గర్నుంచి ఎలాగూ శుభాకాంక్షల మెసేజ్ వస్తుంది. ఆ నంబరుకే ఫోన్ చేసి గుళ్ళపేరు ఉందో లేదో ఒక్క ముక్క చెప్పండి. రాత్రి పదింటికైనా ఎత్తుతాను. కాగితాలు పంపేటట్టయితే ఈ కవరు మీద ఉన్న అడ్రసుకు పంపండి, పాత ఇంటికి కాదు.

ఇట్లు,
మీ నరసరావుపేట బ్రాంచి ఖాతాదారు
(సంతకం)

జత చేసినవి: 2024 మే 20 నాటి తాకట్టు చీటీ, వడ్డీ కట్టిన మూడు రశీదులు, అడ్రసు మారినట్టు వచ్చిన మెసేజ్ ప్రింటు, మీ బ్రాంచి ఇచ్చిన వేలం లెక్క. అన్నీ నకళ్ళే, అసలువి నా దగ్గరే ఉంచుకున్నాను.