మంత్రి గారికి ఒక ఉద్దానం మనిషి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సొంత తీరంలోనే పని చూపించమని రెండుసార్లు అర్జీ పెట్టాను, జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

2014లో రాష్ట్రం విడిపోయి హైదరాబాద్ ఆదాయం పోయింది, ఖజానా కష్టం మాకూ తెలుసు. కానీ మాలాంటి వెనకబడిన జిల్లాలకు ఒక్కోదానికి ఏటా 50 కోట్ల చొప్పున ఇస్తామన్న కేంద్రం మూడేళ్లు ఇచ్చి మధ్యలో ఆపేస్తే గట్టిగా అడిగినవాళ్లేరండీ? 2018లో తిత్లీ తుఫాను కొబ్బరిని, జీడిని కూల్చేసింది. తోటే పింఛన్ అనుకున్న ముసలివాళ్లు కూలికి వెళ్లారు. మా తమ్ముడు ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోటెక్కితే మళ్లీ వేసవికే ఇల్లు చేరతాడు, అక్కడినుంచి వెళ్లిన మన జాలర్లు పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా మగ్గాక, ఫోన్ కలవని ప్రతి రాత్రీ మా అమ్మకు టెన్షనే. సొంత తీరంలో పని ఉంటే ఎవరు వెళ్తారండీ?

మా జిల్లాలోని మూలపేట పోర్టుకు 2023లో శంకుస్థాపన చేశారు. అందులో, దాని చుట్టూ వచ్చే పరిశ్రమల్లో మా జిల్లా పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు, ఏ శిక్షణ ఇచ్చి ఇస్తారో రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ 50 కోట్ల లెక్కలో ఇంకా రావాల్సిన నిధుల కోసం కేంద్రానికి రాసి, ఆ ఉత్తరం మాకూ చూపించండి. ఈ వేట సీజన్ మొదలయ్యేలోపు జవాబు కావాలి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక జాలరి కుటుంబం