మానిటర్ వెనక్కి ఇవ్వకు

రాజమండ్రి
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

మానిటర్ చెడిపోయి వచ్చిందేమో, వెనక్కి ఇచ్చేద్దాం అన్నావు ఫోన్లో. ఆ పని చెయ్యకు. అది నిక్షేపంగా ఉంది. మన పాత కంప్యూటర్ బీబీసీ మైక్రో కూడా అంతే. విడమరిచి చెప్దామంటే నీకేదో మీటింగ్ వచ్చిపడింది, అందుకని రాస్తున్నాను.

1984-85లో కేంద్రప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి పెట్టిన క్లాస్ పథకం కింద దేశంలో 250 బడులకు ఇచ్చిన మిషన్లలోది ఇది. మా బడివాళ్ళు తూకానికి అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. నీ చిన్నప్పుడు టీవీ యాంటెన్నా సాకెట్లో దాని వైరు గుచ్చి ఆడించేవాళ్ళం. ఆ టీవీ పిక్చర్ ట్యూబ్ పోయినప్పట్నుంచీ ఇది అటకమీదే ఉంది.

టీవీ బొమ్మని గీతలు గీతలుగా గీస్తుంది కదా, మన టీవీల లెక్క సెకనుకు 15,625 గీతలు. బీబీసీ కూడా సరిగ్గా అంతే పంపుతుంది. నువ్వు పంపిన మానిటర్ వీజీఏ సాకెట్‌కి ముప్పై వేలకి తక్కువైతే ఆనదు. నేనేమో వెనకున్న ఆరు పిన్నుల సాకెట్ నుంచి వీజీఏకి శ్రద్ధగా టంకాలేసి వైరు తయారుచేశాను. 'అవుట్ ఆఫ్ రేంజ్' అంది. ప్లగ్గు మారిస్తే వేగం మారుతుందా? ఫిజిక్స్ మాస్టారికి ముందే తట్టొద్దూ! పైగా ఏ గీత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సిగ్నల్, అదే సింక్, దాన్ని బీబీసీ ఒకే తీగలో పంపుతుంది, వీజీఏకి రెండు కావాలి. ఎరుపు, పచ్చ, నీలం తీగల్లో వచ్చేవి 5 వోల్టుల లాజిక్ సిగ్నళ్ళు, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకే దానికి ఎనిమిదే రంగులు. వీజీఏ అడిగేది 0.7 వోల్టు. మధ్యలో రెసిస్టర్లు వెయ్యకుండా పెట్టినందుకు మానిటర్ బతికి బయటపడటం నీ అదృష్టం.

తర్వాత కాంపోజిట్, అంటే బొమ్మంతా ఒకే తీగలో వచ్చే సాకెట్, దాన్నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా తెచ్చాను. బొమ్మ వచ్చింది, కానీ నలుపు తెలుపే. బీబీసీ లోపల ఎస్39 అనే లింకు కలిపితే రంగులొస్తాయి. కలపలేదు, ఎందుకంటే కలిపితే అక్షరాలు అలుక్కుపోతాయి. వరుసకి 80 అక్షరాలుండే మోడ్ 0 చదవాలంటే ఇప్పటికే కళ్ళు లాగుతున్నాయి.

మధ్యలో ఒక ముచ్చట. మొదటి రోజు స్విచ్ వేసిన పావుగంటకి పొగొచ్చింది. వడియాలు మాడుతున్నాయని అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. పవర్ సప్లైలో కరెంటు వచ్చేచోట ఉండే కెపాసిటర్, పైతొడుగు బీటలువారి లోపలికి చెమ్మ దిగింది. ఏళ్ళతరబడి మూలపడ్డ మిషన్లలో మామూలే. మార్చేశాను. నువ్వు మాత్రం ఆ పవర్ సప్లై డబ్బా విప్పొద్దు, ప్లగ్గు పీకేసినా షాక్ కొడుతుంది.

ఈ మానిటర్ గొడవకి అసలు మందు ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అని ఒక బోర్డు. మొదట బీబీసీ కోసమే తయారుచేశారు. ఆ మూడు రంగుల తీగల్నీ లాజిక్‌గానే చదువుతుంది కాబట్టి ఏ చుక్కకా చుక్క విడిగా, పదునుగా వస్తుంది. మన పాత టీవీలో కూడా అంత బాగా చూసి ఉండం. బోర్డు నా దగ్గరికి వచ్చేసింది, దాని మీద కూర్చోబెట్టే చిట్టి కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై జీరో లేదు. వచ్చేటప్పుడు ఒకటి పట్రా, మినీ హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా. మైక్రో కాదు, మినీ. పై జీరో పిన్నులు లేనిదైనా ఫర్వాలేదు, టంకం నేనే వేస్తాను. కళ్ళజోడు మార్చుకున్నానులే.

నాన్న