వెతికిన మాట దొరకాలి

సంపాదకులకు నమస్కారం.

2002 డిసెంబరులో ఆంగ్లంలో మొదలైన విక్షనరీ అనే అంతర్జాల నిఘంటువు నేడు తెలుగుతో సహా ఎన్నో భాషల్లో ఉంది. అందరూ కలిసి రాసే ఇలాంటి బహుభాషా నిఘంటువుల్లో అకారాది క్రమం పట్టుకుని పుటలు తిప్పే పని లేదు, వెతికే చోట మాట రాస్తే చాలు. అయితే ఆ మాటను ఏ రూపంలో రాయాలన్న దగ్గరే తెలుగువారికి చిక్కు వస్తోంది.

ఈ మధ్య అటువంటి ఒక నిఘంటువులో ‘ఇళ్లకు’ అని రాసి వెతికితే ఏమీ దొరకలేదు. ‘ఇల్లు’ అని రాశాకే అర్థమూ, ఇతర భాషల సమానార్థకాలూ కనిపించాయి. విభక్తి చేరగానే ఇల్లు ‘ఇంటికి’, ‘ఇళ్లలో’ అని రూపు మార్చుకునే భాషలో, ప్రథమా విభక్తి ఏకవచనం ముందే తెలిసినవారికి మాత్రమే అర్థం దొరికేటట్లయితే, కొత్తగా తెలుగు నేర్చుకునేవారు ఆ పుట దాకా ఎలా చేరగలరు? ‘వెళ్ళు’, ‘వెళ్లు’ రెండూ మనం రాసేవే, రెండింటికీ ఒకే పుట తెరుచుకోవాలి. దేవనాగరిలో రాసే మాటలకైతే ఒకే పుటలో హిందీ, మరాఠీ, సంస్కృత విభాగాలు వరుసగా ఉండవచ్చు కాబట్టి, భాష పేరు చూడకుండా మొదటి అర్థాన్నే తీసుకోవడం పొరపాటు.

రూపభేదాలకు దారిమార్పు పుటలు (ఏ రూపం రాసినా అసలు మాట పుటకు తీసుకెళ్లేవి) పెట్టడం పెద్ద పనేమీ కాదు, సాంకేతిక విద్య అక్కరలేదు. వెతికి దొరకని మాటను వదిలేయకుండా అక్కడే చేర్చవలసిందిగా తోటి పాఠకులను, ముఖ్యంగా భాషోపాధ్యాయులను, మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు