పాత ఫొటోల్లోకి నడిచిన ఆర్టిస్ట్

అందరికీ నమస్తే. పాత ఫొటోలంటే ఇష్టమున్నవాళ్లు అమెరికన్ ఆర్టిస్ట్ లోర్నా సింప్సన్ పని తప్పకుండా చూడండి. ఆవిడ ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో కొన్న పాత ఫొటోల్లో ఒక నల్లజాతి యువతి ఉంది. 1957లో లాస్ ఏంజెలెస్‌లో, సినిమా తారలా పోజులిస్తూ దిగినవి. సింప్సన్ 2009లో అలాంటి బట్టలే వేసుకుని, అలాగే నిలబడి తానూ ఫొటోలు దిగారు. పాతవీ కొత్తవీ కలిపి గోడమీద పెట్టారు. ఏది ఎవరిదో చప్పున పోల్చుకోలేం! ఆ యువతిని దూరం నుంచి చూసి జాలిపడకుండా, ఆమె చోట తాను నిలబడటం నాకు చాలా నచ్చింది. ఎబొనీ, జెట్ అనే అమెరికా నల్లజాతి పత్రికల్లోని స్త్రీల ముఖాలతో ఆవిడ చేసిన కొలాజ్‌లూ (ముక్కలు అతికించి చేసే బొమ్మలు) ఉన్నాయి. వాటిలో జుట్టంతా రంగుల్లో పారుతుంది. చూశాక మీరు ఏ ఫొటో దగ్గర ఆగిపోయారో ఇక్కడ రాయండి.