600 అని రాసి 500 పంపితే ఎట్లా: కార్బన్ షాఫ్టుల మీద ఫిర్యాదు

అనంతపురం,
జూన్ 12.

గ్రీవెన్స్ అధికారి గారికి,

విషయం: స్పైన్ (ఎంత వంగుతుందో చెప్పే అంకె) తప్పుగా ముద్రించిన కార్బన్ షాఫ్టులు (బాణం కాడలు), నాసిగా బిగించిన బాణాలు, తప్పు సైజు పట్టిక, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైట్‌లో "సంప్రదాయ విల్లులకు ప్రత్యేకం" అని అమ్ముతున్న, పైన చెక్క గీతలు అచ్చేసిన కార్బన్ షాఫ్టులు నాలుగు డజన్లు తెప్పించాం. స్పైన్ 600, పొడవు 30 అంగుళాలు, లోపలి వ్యాసం 6.2 మి.మీ., డజను రూ. 4,800 చొప్పున మొత్తం రూ. 19,200. ఇందులో రెండు డజన్లు ఉత్త షాఫ్టులు. మిగిలిన రెండు డజన్లను 29 అంగుళాలకు కోసి, ఇన్సర్టు (మొన బిగించడానికి కాడలో దూర్చే ముక్క), 125 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) మొన, నాలుగంగుళాల ఈకలు మూడేసి పెట్టి పంపమన్నాం. వీటిని వాడేది నారిని 28 అంగుళాల దాకా లాగితే 40 నుంచి 45 పౌండ్ల బలం పట్టే లాంగ్‌బోలతో (పొడవాటి సంప్రదాయ విల్లులతో). వాటి పిడిలో బాణం ఆనే చోటు నడిమధ్య వరకు కోసి ఉండదు, 3 మి.మీ. ఇవతలే ఆగుతుంది. ఆర్డరు పెట్టేటప్పుడే ఈ సంగతి రాశాం.

ముందు స్పైన్ సంగతి. కార్బన్ షాఫ్టు మీద వేసే అంకెకు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన ఎఫ్2031 ప్రమాణం ఉంది. రెండు ఆధారాల మధ్య సరిగ్గా 28 అంగుళాల ఎడం ఉంచి, షాఫ్టును వాటి మీద పెట్టి, నడుమ 880 గ్రాముల (1.94 పౌండ్ల) బరువు వేలాడదీసి, ఎంత వంగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పాలి. 600 అంటే 0.600 అంగుళం, అంటే 15.24 మి.మీ. వంపు. 500 అంటే 12.7 మి.మీ. అంకె పెరిగేకొద్దీ షాఫ్టు మెత్తన.

ఈ లెక్కకు మీ గోదాము యంత్రాలే అక్కర్లేదు. లేత్ షాపులో దొరికే, వంపు కొలిచే డయల్ గేజ్, ఆధారాలుగా రెండు వి-బ్లాకులు, కాటా మీద సరిచూసిన 880 గ్రాముల తూకం ఉంటే చాలు. ప్రతి షాఫ్టునూ పావు మలుపు తిప్పుతూ నాలుగు వైపులా కొలిచాం. 48లో 19 మాత్రమే 14.9 నుంచి 15.6 మి.మీ. మధ్య వంగాయి. వాటి మీద మాకు పేచీ లేదు. 17 షాఫ్టులు 12.5 నుంచి 12.9 మి.మీ. దగ్గరే ఆగాయి. అవి నికార్సైన 500లు. ఒకదాని మీద చెక్క గీతల పొర గోటితో గీరితే లేచి వచ్చింది, అడుగున ముద్రించిన 500 కనబడింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. ఆ పని మీరే చేశారని మేము అనడం లేదు. మీకు సరకు పంపినవారిని అడగాల్సిన బాధ్యత మాత్రం మీదే. ఫొటో జత చేశాం.

మిగిలిన 12 వేరే రకం తప్పు. ఒకే షాఫ్టు ఒక వైపు 14.3 మి.మీ., పావు మలుపు తిప్పితే 16 మి.మీ. వంగుతోంది. కార్బన్ గుడ్డను కడ్డీకి చుట్టి చేసే షాఫ్టులో గుడ్డ అంచులు ఒకదాని మీద ఒకటి పడిన చోట గోడ కాస్త మందమవుతుంది. ఆ వైపు గట్టిగా ఉంటుంది. తేడా కొద్దిగా ఉంటే, ఆ గట్టి వైపు అన్ని బాణాల్లోనూ విల్లు దిక్కుకే వచ్చేలా నాకును (బాణం తోకలో నారి ఇరుక్కునే గాడి ముక్కను) తిప్పుకుని సర్దుకోవచ్చు. మీ పనివాళ్లు బిగించిన బాణాల్లో ఏ రెండింటికీ అది ఒకే దిక్కులో లేదు. పైగా 1.7 మి.మీ. తేడా నాకును తిప్పి సర్దుకునేంత చిన్నది కాదు.

బరువు కూడా ఇదే మాట చెబుతోంది. "డజనులో ±2 గ్రెయిన్లు" అని మీ పేజీలో ఉంది. గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము, కాబట్టి అన్నింటికన్నా తేలికదానికీ బరువుదానికీ మధ్య 0.26 గ్రాము మించకూడదు. పాతూరులో బంగారం కొట్టు కాటా మీద తూచిన 24 ఉత్త షాఫ్టుల్లో 15 షాఫ్టులు 14.4 నుంచి 14.7 గ్రాములు, తొమ్మిది షాఫ్టులు 15.6 నుంచి 15.9 గ్రాములు తూగాయి. నడుమ ఒక్కటీ లేదు. ఆ తొమ్మిదీ పైన చెప్పిన 500ల్లోవే. రెండు రకాల సరకు ఒకే డబ్బాలో కలిసిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? 1.2 గ్రాములు అంటే 18 గ్రెయిన్ల పైమాటే. సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే బాణానికి 30 మీటర్ల దూరంలో ఆ బరువు ఒక్కటే సుమారు ఆరు సెంటీమీటర్లు కిందికి దించుతుంది.

ఇక పక్కకు పోవడం అంతకన్నా పెద్ద సమస్య. నడిమధ్య వరకు కోయని పిడి చుట్టూ బాణం వంగి, పాములా మెలి తిరిగి వెళ్లాలి. గట్టి షాఫ్టు అలా వంగదు, పిడిని కొట్టుకుని ఎడమకు తన్నుకుంటుంది (కుడిచేత్తో నారి లాగేవారికి). ఈకలు లేని షాఫ్టును 15 మీటర్ల నుంచి వేస్తే మెత్త గట్టి సంగతి దాపరికం లేకుండా బయటపడుతుంది. మంచి 600లు జానెడు వలయంలో పడ్డాయి. మీ 500లు మూరెడు ఎడమకు పోయి, తోక కుడికి వాలి గుచ్చుకున్నాయి. ఈకలున్న బాణాల్లోనూ పిడికి తగిలిన చప్పుడు వినబడుతోంది, ఈకల ముందు రంగు గీరుకుపోయింది.

దీనికి మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు చూశాక ఈ ఉత్తరం ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది. "600 అంటే 60 పౌండ్లు, 500 అంటే 50 పౌండ్లు; మీ విల్లు 45 కాబట్టి 500 ఇంకా బాగా కుదురుతుంది" అన్నారు. పౌండ్లలో చెప్పే స్పైన్ చెక్క కాడలది. దానికి ఆధారాల ఎడం 26 అంగుళాలు, బరువు 2 పౌండ్లు, 26ను వంపుతో భాగిస్తే వచ్చే అంకె అది. రెండు పద్ధతుల మధ్య లెక్క కడితే కార్బన్ 500 చెక్కలో సుమారు 63 పౌండ్లకు, 600 సుమారు 52 పౌండ్లకు సమానం. 45 పౌండ్ల లాంగ్‌బోకు 63 పౌండ్ల చెక్క బాణం అమ్మే వడ్రంగి ఎవరైనా ఉంటాడా?

రెండో జవాబులో "500లకు 200 గ్రెయిన్ల మొన పెట్టుకోండి, మెత్తబడతాయి" అన్నారు. ముందు బరువు పెరిగితే షాఫ్టు ఎక్కువ వంగే మాట నిజమే. కానీ ఒకే డజనులో సగం బాణాలు 125తో, సగం 200తో ఉంటే మధ్య 75 గ్రెయిన్లు, దాదాపు ఐదు గ్రాముల తేడా. అప్పుడు అది డజను కాదు, రెండు అరడజన్లు. మూడో జవాబు 0.001 అంగుళం నిటారు ఉన్న ఖరీదైన రకం కొనమని. నిటారుతనం గురించి మేము ఫిర్యాదే చేయలేదు. మీరు చెప్పిన 0.006 అంగుళంలోపే అన్నీ ఉన్నాయి. వేళ్లతో నారి లాగి చేతిమీది నుంచి వేసే విల్లుకు అది చాలు. మాకు కావాల్సింది స్పైన్, బరువు కుదిరిన డజను.

మీ సైజు పట్టిక సంగతి కూడా ఇక్కడే. సంప్రదాయ విల్లుల పేజీలో పెట్టింది కాంపౌండ్ (కొసల్లో చక్రాలుండే విల్లు) పట్టిక. విలువిద్య క్రీడాకారిణి జ్యోతి సురేఖ గారు వాడే కాంపౌండ్ విల్లులో బాణం నడిమధ్య నుంచి, వేళ్లకు బదులు నారిని వదిలే రిలీజ్ పరికరంతో వదిలితే పోతుంది. అక్కడ కుదిరే స్పైన్ ఇక్కడ కుదరదు. పట్టికలో పిడి ఎంతవరకు కోశారు, నారి కాస్త సాగే డాక్రాన్‌దా, సాగని వేగం నారా, మొన బరువెంత అనే గడులే లేవు. బాణం మొత్తం బరువు గురించి కూడా ఒక్క మాట లేదు, "ఎంత తేలికైతే అంత వేగం" అన్న ప్రకటన తప్ప. చెక్క విల్లుకు దాని బలంలో పౌండుకు 8 గ్రెయిన్ల కన్నా తక్కువ బరువున్న బాణం వేస్తే ఆ దెబ్బంతా విల్లు రెక్కలే తింటాయి.

బిగించి పంపిన 24 బాణాల పని ఇంకో కథ. షాఫ్టు కొసలు ఆక్సా బ్లేడుతో కోసినట్టు పోగులు లేచి ఉన్నాయి. కార్బన్‌ను వేగంగా తిరిగే రాపిడి చక్రంతోనే కోయాలి, కోసేవాళ్లు దుమ్ము పీల్చకుండా మాస్కు పెట్టుకోవాలి, తర్వాత కొసను గరుకు కాగితం మీద చదును చేయాలి. అలా చేయకపోవడం వల్ల నాలుగు షాఫ్టులు ఇన్సర్టు దగ్గర సన్నగా చీలాయి. దూదిని షాఫ్టు పొడవునా జరిపితే పోగులకు చిక్కుకుంది, రెండు చేతుల్తో కొద్దిగా వంచి తిప్పితే చిటపట వినబడింది. ఇలాంటి షాఫ్టు నారి వదిలిన క్షణంలో విరిగి, విల్లు పట్టిన చేతిలోకి దిగుతుంది. ఆ నాలుగింటికి ఎర్ర టేపు చుట్టి పక్కన పెట్టాం, వాడలేదు. వంచి చూసే పరీక్ష గురించి మీ డబ్బాలో ఒక చీటీ కూడా లేదు. మీరు పంపిన సరకులో ఇదొక్కటే ప్రాణం మీదికి వచ్చే తప్పు.

తొమ్మిది బాణాల ఇన్సర్టులు గురిమూటలోంచి లాగగానే మొనతో సహా అక్కడే ఉండిపోయాయి. ఊడినవాటిలో హాట్ మెల్ట్ జిగురు ఒక పక్కనే అంటి ఉంది, షాఫ్టు లోపల నల్ల దుమ్ము అలాగే ఉంది. లోపలి గోడను ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఇన్సర్టును గరుకు చేసి, రెండు ట్యూబుల ఎపాక్సీ రాసి, తిప్పుతూ లోపలికి దూర్చి, మొన కిందికి ఉండేలా ఒక రోజు నిలబెట్టాలి. హాట్ మెల్టే వాడాలంటే వేడి మొనకు చూపాలి గానీ షాఫ్టుకు కాదు. మా ఊళ్లో మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో ఉన్న బాణానికి ఆ జిగురు నిలవదు.

ఈకల్లో ఐదు బాణాలకు ఎడమ రెక్క ఈకలూ కుడి రెక్క ఈకలూ కలిపి అతికించారు. వాటి వంపులు ఎదురెదురు, ఒకటి ఇటు తిప్పితే మరొకటి అటు తిప్పుతుంది. నాకులు మాత్రం బాగానే పట్టాయి.

మేము కోరేవి ఇవి. 29 షాఫ్టులు, అంటే 17 తప్పు స్పైన్‌వీ 12 అసమానంగా ఉన్నవీ, మీ ఖర్చుతో వెనక్కి తీసుకోండి. అయితే బాణాలు డజన్లుగా పనికొస్తాయి, విడిగా కాదు. ఆ 19 మంచివాటి ధర లెక్కగట్టి వాపసులో తగ్గించుకుంటామంటే ఒప్పుకోం. మొత్తం రూ. 19,200 తిరిగి ఇవ్వాలి. ఆ బ్యాచ్ సరకును నాలుగు వైపులా కొలిచేవరకు అమ్మకం ఆపండి. కాంపౌండ్ పట్టికను ఆ పేజీ నుంచి తీసేయండి. వంచి చూసే పరీక్ష చీటీని తెలుగులో, హిందీలో డబ్బాలో పెట్టండి.

డబ్బా మీద దిగుమతిదారు పేరు గానీ, తయారైన దేశం గానీ లేవు. ప్యాకేజీ సరుకులపై లీగల్ మెట్రాలజీ నిబంధనలు (2011) అవి ఉండాలంటున్నాయి. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు (2020) ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పి, అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. 2019 చట్టం మేము ఉన్న ఊళ్లోనే వేసుకునే వీలిస్తోంది.

బిల్లు నకలు, 48 షాఫ్టుల కొలతల పట్టిక, ఫొటోలు, మీ కస్టమర్ కేర్ జవాబులు జత చేశాం. చీలిన నాలుగు షాఫ్టులను మీ మనిషి వచ్చి చూసేదాకా మా దగ్గరే ఉంచుతాం, కొరియర్‌లో పంపం.

ఇట్లు,
అనంతపురంలో లాంగ్‌బో సాధన చేసే విలుకాళ్లు