తూకానికి పట్టు

హిల్స్‌బరో, ఒరెగాన్

ఒరేయ్ సత్యం,

ఎలా ఉన్నావు? పెళ్ళిళ్ళ సీజను కదా, విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో కాలు పెట్టే సందు కూడా ఉండదనుకుంటా. పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మొన్న ఫోన్లో "పాత బట్టలు తూకానికి కొనడమేంట్రా, అంత అవసరం ఏమొచ్చింది?" అన్నావు. నీ కొట్లో జనం ఉన్నారని అప్పుడు ఫోన్ పెట్టేశాను. బట్ట పట్టుకుంటే నూలు నంబరు చెప్పే మనిషివి, నీకు ఈ సంగతి పూర్తిగా చెప్పకపోతే నాకు తోచదు.

ఇక్కడ గుడ్‌విల్ అని ఒక సంస్థ ఉంది. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరుగారు మొదలుపెట్టారు. కలిగినవాళ్ళ ఇళ్ళ నుంచి పాత బట్టలూ సామానూ అడిగి తెచ్చి, పని దొరకని పేదవాళ్ళ చేత బాగుచేయించి, అవి అమ్మిన డబ్బుతో వాళ్ళకే కూలి ఇచ్చేవారట. ఇప్పటికీ వచ్చిన డబ్బుతో ఉద్యోగాలకి తర్ఫీదు ఇస్తారు. జనం ఇచ్చిన వాటిని ముందు మామూలు షాపుల్లో ధర చీటీ వేసి పెడతారు. కొన్ని వారాలు చూసి, అమ్ముడుపోనివి అవుట్‌లెట్‌కి పంపేస్తారు. దాన్ని అందరూ బిన్స్, అంటే తొట్లు, అంటారు. అదృష్టం కొద్దీ మా ఊళ్ళోనే ఒకటుంది.

లోపలికి వెళితే పెద్ద గోడౌను. చక్రాల మీద నడుమెత్తు నీలం తొట్లు, వరసలు వరసలుగా. హ్యాంగర్లుండవు, సైజుల వారీగా సర్దడం ఉండదు, ట్రయల్ రూము అసలే ఉండదు. పిల్లల గౌను కింద బూటు, బూటు కింద కర్టెన్, దాని కింద ఎవరిదో పెళ్ళి కోటు. చేతికి గ్లవ్స్ తప్పనిసరిగా వేసుకోవాలి, పగిలిన గాజుపెంకులూ పిన్నీసులూ ఉంటాయి.

కాసేపటికోసారి పాత వరస తీసుకెళ్ళి కొత్త వరస తోసుకొస్తారు. అది చూడాల్సిందే. అందరూ రెండడుగులు వెనక్కి జరిగి నిలబడతారు. వరసలో ఆఖరి తొట్టి వచ్చి నిలిచి, అక్కడి పనివాళ్ళు సరే అనేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. కళ్ళు మాత్రం పైనున్న వాటిని ముందే ఏరేస్తుంటాయి. సరే అనగానే అన్ని చేతులూ ఒకేసారి దిగుతాయి. వీళ్ళలో సగం మంది ఇక్కడ కొని ఆన్‌లైన్లో అమ్ముకునేవాళ్ళు. వాళ్ళ మీద విసుక్కునేవాళ్ళున్నారు కానీ నాకు మాత్రం వాళ్ళంటే గౌరవం. రోజంతా నిలబడి ఏరడం మాటలు కాదు.

ఆఖర్న మనం ఏరుకున్నవాటిని తోపుడు బండితో సహా తూకం మీదికి ఎక్కిస్తారు, బండి బరువు ధడా తీసేస్తారు. ధర పౌను లెక్కన, పౌను అంటే 450 గ్రాముల పైచిలుకు. రేటు ఊరిని బట్టి మారుతుంది, బట్టలకి రెండు డాలర్లకి అటూ ఇటూ అనుకో. గాజు సామానుకి రేటు వేరు. ఒరెగాన్‌లో అమ్మకం పన్ను లేదు కాబట్టి తూగినదానికి ఎంతయితే అంతే.

ఇప్పుడు నీ వ్యాపారం బుర్రతో ఆలోచించు. పట్టుకీ పాలిస్టరుకీ ఒకటే రేటు! పైగా పట్టు తేలిక, అంటే ఇంకా చవక. నాసిరకం జీన్సు ప్యాంటుకి ఎన్నో పట్టు స్కార్ఫుల డబ్బు పోతుంది. షోరూములో బ్రాండు, లైటింగు, బొమ్మకి తొడిగిన తీరు, అన్నీ కలిసి మనకి ధర నేర్పుతాయి. ఇక్కడ అవేవీ లేవు. బట్ట ఏమిటో చెయ్యి చెప్పాలి. నీలాంటివాడు ఈ తొట్ల దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో అని వెళ్ళినప్పుడల్లా అనుకుంటా.

పోయిన శీతాకాలం ఒక పెండిల్‌టన్ చొక్కా దొరికింది. ఈ రాష్ట్రం కంపెనీయే, 1924 నుంచి ఉన్ని చొక్కాలు చేస్తోంది. కొత్తది వంద డాలర్లు దాటుతుంది. స్వెటర్ల కింద నుంచి మొదట దాని చెయ్యి మాత్రమే బయటికి కనిపించింది, ముదురాకుపచ్చ గళ్ళు. గ్లవ్ తీసి పట్టుకుంటే కాస్త గరుకు, లోపల వెచ్చదనం. జేబు దగ్గర గళ్ళు ఎక్కడా తప్పలేదు, చొక్కా గడికి జేబు గడి అతికినట్టు కలిసింది. మోచేతులు వెలుతురుకి పెట్టి చూశా, పలచబడలేదు. కాలరు కింద పురుగు కొట్టిన చిన్న చిల్లు ఒకటుంది, అంతే. రెండు డాలర్ల చిల్లరకి వచ్చింది. చలికాలమంతా అదే వేసుకున్నా.

ఇంకోసారి ఏం దొరికిందో తెలుసా? మంగళగిరి నూలు చీర, నిజాం బోర్డరుది. ఇక్కడ ఇంటెల్‌లో పనిచేసే మనవాళ్ళు చాలామంది, ఎవరో ఇల్లు మారుతూ ఇచ్చేసి ఉంటారు. మడత కూడా విప్పినట్టు లేదు. మా ఆవిడ ఉతికి గంజి పెట్టి ఉగాదికి కట్టుకుంది.

"ఎవరో విడిచిన బట్టలు" అని ఇక్కడి మనవాళ్ళు కూడా మొహం చిట్లిస్తారు. అన్నయ్య చొక్కాలు తొడుక్కుని పెరిగినవాళ్ళమే కదరా మనందరం! ఇంటికి రాగానే గుడ్డకి తగ్గట్టు ఉతుకుతాను, వేడికి ఓర్చుకునేవాటిని, నల్లులుంటే చావాలని, డ్రయర్లో బాగా వేడి మీద తిప్పుతాను. ఇక శంకేముంది?

ఇక్కడా మిగిలిపోయిన బట్టల్ని బేళ్ళు కట్టి విదేశాలకి అమ్మేస్తారు. అమెరికా పాత బట్టలు ఆఫ్రికా దేశాల సంతలకి పోతాయి, మన కాండ్లాకీ పానిపట్టుకీ వస్తాయి. పానిపట్టులో ఉన్ని బట్టల గుండీలూ జిప్పులూ కోసేసి, రంగుల వారీగా వేరుచేసి, చింపి పీచు చేసి మళ్ళీ నూలు వడుకుతారు. ఆ నూలుతోనే చవక దుప్పట్లు. వరదలప్పుడు పంచిపెట్టే దుప్పట్లలో అవీ ఉంటాయి. అందుకే మంచి చొక్కా తొట్లో కనిపిస్తే వదిలి రాబుద్ధి కాదు. ఇంకో పదేళ్ళు తొడుక్కోగలిగిన బట్ట పీచు కావడం నాకిష్టం లేదు.

నీ వల్ల ఒక పని కావాలి. వన్‌టౌన్‌లో రఫూ చేసే సాయిబుగారు ఇంకా కూర్చుంటున్నారా? ఉన్ని బట్టలో గళ్ళు చెదరకుండా నా పెండిల్‌టన్ చొక్కా కాలరు కింది చిల్లు పూడ్చాలంటే దారం ఎక్కణ్ణుంచి తీయాలో ఆయన్ని అడుగు. అంచు లోపలి నుంచి తీస్తారని విన్నా. వీలైతే ఆయన చేస్తుంటే వీడియో తీసి పంపు. నీ ఛాతీ కొలత కూడా రాయి, నీకూ ఒకటి చూస్తాను.

నీ
ప్రసాదు