2024–25 వార్షిక నివేదిక: క్యాన్సర్ రోగుల వసతి గృహానికి మనం పోగుచేసిన నిధి, కట్టిన గోడలు

సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

ఏటా ఈ నివేదిక ఉగాది పంచాంగ శ్రవణంతో మొదలై సంక్రాంతి ముగ్గుల పోటీ దాకా వరసగా సాగుతుంది. ఈసారి వాటికి చివర్లో కొద్దిగా చోటిచ్చాను. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన శక్తి అంతా ఒక్క పనికే పెట్టాం. గుంటూరులో క్యాన్సర్ రోగులకు తోడుగా ఉంటున్న సేవా సంస్థకు సొంత ఇల్లు కట్టించడమే ఆ పని.

కొత్తగా చేరిన సభ్యులకు ఆ సంస్థ చేసే సేవ గురించి చెప్పాలి. చికిత్స సాగినన్నాళ్లూ రోగికి, తోడు వచ్చినవారికి ఉండే చోటు, తిండి చూస్తుంది. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు ఇస్తారు. రోగి యంత్రం కింద పడుకునేది రోజుకు పది, పదిహేను నిమిషాలే. ఆసుపత్రిలో చేరి తీసుకునే వైద్యం కాదు కాబట్టి చాలామందికి మంచం ఉండదు. ఆ పావుగంట కోసం మాచర్ల నుంచో, వినుకొండ నుంచో, రేపల్లె నుంచో రోజూ వచ్చి వెళ్లడం ఒంట్లో సత్తువ లేని మనిషికి అయ్యే పనేనా? ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చికిత్స ఖర్చుకు ఆదుకుంటుంది. నెలన్నర గది అద్దె, ఆటో చార్జీలు, తోడు వచ్చినవారు పోగొట్టుకునే కూలి మాత్రం ఆ కుటుంబం నెత్తినే పడతాయి. అందుకే మూడో వారానికో, నాలుగో వారానికో కొందరు మానేసి ఊరెళ్లిపోతారు. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో మధ్యలో రోజులు తప్పితే చికిత్స ఫలితం తగ్గుతుందని వైద్యులు మొత్తుకుంటున్నారు. మందు ఉండీ, యంత్రం ఉండీ, తల దాచుకునే చోటు లేక వైద్యం ఆగిపోవడం కన్నా అన్యాయం నాకు కనిపించదు.

ఇన్నాళ్లూ సంస్థ ఒక అద్దె ఇంట్లో నడిచింది. గత వేసవిలో ఆ ఇంటివారు ఖాళీ చేయమన్నారు. వేరే ఇంటి కోసం మన కార్యవర్గ సభ్యులు నెలరోజులు తిరిగారు. అద్దె కుదిరాక, ఉండబోయేది ఎవరో చెప్పగానే నాలుగు చోట్ల అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కలిసి తింటే, పక్కన పడుకుంటే, బట్టలు తాకితే రాదు. చదువుకున్నవారి గుమ్మంలో నిలబడి ఇదంతా చెప్పాల్సి వచ్చింది. ఐదో ఇంటి పెద్దావిడ మాత్రం మా మాట పూర్తికాకుండానే తాళంచెవులు తెచ్చి చేతిలో పెట్టారు. సంస్థ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఆమె పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు.

సొంత ఇల్లు కట్టించాలన్న తీర్మానం గత సర్వసభ్య సమావేశంలో చేశాం. మన సభ్యుల్లో విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు నల్లపాడు రోడ్డు వైపున్న తమ 6 సెంట్ల స్థలాన్ని, అంటే 290 గజాలు, దాన దస్తావేజు ద్వారా సంస్థ పేర రాసిచ్చారు. కింద వంటగది, భోజనశాల, 3 గదులు. పైన 6 గదులు. ప్రతి గదిలో రోగికొక మంచం, తోడున్నవారికొక మంచం. లిఫ్టుతో కలిపి అంచనా 78 లక్షలు. లిఫ్టు ఎందుకు, ఆ డబ్బుతో ఇంకో రెండు గదులు వస్తాయి కదా అని కొందరు అడిగారు. కీమో ఎక్కించుకున్న రెండో రోజు మనిషి నాలుగు మెట్లెక్కి ఆయాసంతో కూలబడటం చూసినవారు ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

విరాళాల పని అనుకున్నట్టు మొదలుకాలేదు. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నందున నగదు చేతపట్టుకుని తిరగడం మంచిది కాదని జూన్ దాకా ఆగాం. ఆగస్టులో ఊపందుకుంటుండగా సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. మన యువకులు పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, దుప్పట్లు తీసుకుని అటు వెళ్లారు. ఆ నెల భవన నిధికి వచ్చింది చాలా తక్కువ. అందుకు నాకేమీ విచారం లేదు. నీళ్లలో ఉన్న మనిషిని ముందు చూడాలి.

కార్తిక మాసంలో పని మళ్లీ పుంజుకుంది. వనభోజనాల నాడు ‘ఇటుక చీటీ’ మొదలుపెట్టాం. చీటీ వంద రూపాయలు, పది ఇటుకల కింద లెక్క. మన పిల్లలు బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి ఏడాది ముగిసేసరికి 6,200 చీటీలు అమ్మారు. మిర్చి యార్డులో ఒక హమాలీల బృందం ఒక రోజు కూలి మొత్తం తెచ్చిచ్చింది. ఆ డబ్బు ఒక కండువాలో మూటకట్టి ఉంది. విప్పగానే మిరప ఘాటుకు గదిలో అందరం తుమ్మాం. నోట్లకు ఎర్రటి పొడి అంటుకుని ఉంది. ఆ బృందంలో ఒకరికి నోటి క్యాన్సర్ వచ్చి, సంస్థ ఇంట్లోనే 33 రోజులు ఉండి చికిత్స పూర్తిచేసుకున్నారట. రశీదు ఎవరి పేర రాయాలని అడిగితే, “అందరం ఇచ్చాం, ఎవరి పేరని రాస్తారు, హమాలీలు అని రాయండి” అన్నారు. అలాగే రాశాం.

తీసుకోని విరాళం గురించి కూడా చెప్పాలి. ఖైనీ, గుట్కా వ్యాపారం చేసే ఒకరు పెద్ద మొత్తం ఇస్తామని కబురు చేశారు. దీనిపై కార్యవర్గంలో రెండు సమావేశాలు జరిగాయి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది. మనలో చాలామంది తాతలు పొగాకు పండించి పిల్లల్ని చదివించారు, నేనూ ఆ ఇంటినుంచి వచ్చినదాన్నే. అందుకే రైతు కుటుంబాల డబ్బుకు అభ్యంతరం పెట్టలేదు. దవడ కదలని మనిషికి స్ట్రాతో జావ తాగించే ఇంటికి గుట్కా అమ్మిన డబ్బుతో గోడ కట్టడం మాత్రం తగదని మెజారిటీ అభిప్రాయం. ముగ్గురు సభ్యులు విభేదించారు. వారి వాదన మినిట్స్‌లో పూర్తిగా నమోదైంది. నిర్ణయం సరైనదేనని నా నమ్మకం.

లెక్కలకు వస్తే, మార్చి 31 నాటికి భవన నిధికి చేరింది రూ. 41,36,000. నిర్మాణానికి ఖర్చయింది రూ. 32,80,000. నిల్వ రూ. 8,56,000. ఈ నిధికి వేరే బ్యాంకు ఖాతా ఉంది, అందులో రూపాయి కూడా ఇతర ఖర్చులకు తీయలేదు. ఆడిట్ పత్రం జతచేశాం. సంస్థకు 80జీ గుర్తింపు ఉన్నందున పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు ఇచ్చిన మొత్తంలో సగానికి మినహాయింపు వస్తుంది. 2,000 రూపాయలు మించిన నగదుకు ఇది వర్తించదు, కాబట్టి చెక్కు గాని, ఆన్‌లైన్ చెల్లింపు గాని ఎంచుకోండి. విదేశాల్లో ఉన్న మన పిల్లల గురించి చాలామంది అడిగారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా నిరభ్యంతరంగా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. అలాంటి విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ సంస్థకు లేదు కాబట్టి తీసుకోలేం. ఇద్దరు అమ్మాయిలు పంపిస్తామన్న మొత్తాన్ని అందుకే వద్దన్నాం. వారి మంచి మనసుకు ధన్యవాదాలు.

దాతల పేర్ల ఫలకం గురించి కూడా చర్చ వచ్చింది. మొత్తాన్ని బట్టి పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వద్దనుకున్నాం. ఒకే రాయి, ఒకే సైజు అక్షరాలు, అకారాది క్రమం. వంద రూపాయల చీటీ కొన్నవారి పేర్లు రాతిమీద పట్టవు, వాటిని ఒక పుస్తకంలో రాసి భోజనశాలలో ఉంచుతాం.

నిర్మాణం విషయానికొస్తే, కార్తికంలో శంకుస్థాపన అయింది. ఉచిత ఇసుక విధానం వచ్చాక ఇసుకకు రవాణా, లోడింగ్ ఖర్చులే పడ్డాయి, అది కొంత కలిసొచ్చింది. కింది అంతస్తు స్లాబు ఫిబ్రవరిలో వేశారు. తెల్లవారుజామున మిక్సరు మొదలైంది. పది గంటలకు అద్దె ఇంటి నుంచి ఒక ఆటోలో పెద్ద గిన్నెతో మజ్జిగ వచ్చింది. తెచ్చినావిడ అప్పటికి నాలుగు వారాలుగా రేడియేషన్ తీసుకుంటున్నారు. రేడియేషన్ ఎక్కడ పడాలో తెలిసేందుకు మెడ కింద వేసిన ఊదారంగు గీతలు చెరిగిపోకూడదని, పైట ఆ చోట ఒరుసుకోకుండా వేలితో పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. “నేనుండే రోజులకి ఇది పూర్తికాదులే గానీ, వంటగది కిటికీ కాస్త పెద్దది పెట్టించండి, తిరగమోత పొగకి నాకు వాంతి వచ్చేస్తోంది” అన్నారు. ఇంజినీరు ఆ రోజే కొలత మార్చారు. వంటగదికి ఇప్పుడు రెండు కిటికీలు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్నాయి. ఆవిడ చికిత్స మార్చిలో పూర్తయింది, ఊరికి వెళ్లారు.

ఆ వంటగది ఈ ఇంటికి ప్రాణం. మన ఊళ్లో కారం లేని ముద్ద ముద్ద కాదంటారు. అక్కడ మాత్రం నోరంతా పూసినవారికి ఉప్పు కూడా మంట పెడుతుంది. పెరుగన్నం, పప్పుకట్టు, రాగి జావ మెత్తగా చేసి చల్లార్చి ఇవ్వాలి. తెల్లకణాలు తగ్గినవారికి పచ్చి కూరలు, నిలవ తిండి పనికిరావు. ఏ పూటకాపూట వండాలి. ఏడాదిగా మన ఇళ్లలో రోజుకో పిడికెడు బియ్యం డబ్బాలో వేసి నెల మొదటి ఆదివారం అక్కడికి పంపుతున్నాం. దీన్ని ఆపవద్దు.

మిగతా కార్యక్రమాలు: ఉగాది, వినాయక చవితి, సంక్రాంతి వేడుకలు తక్కువ ఖర్చుతో జరిపాం. ఫిబ్రవరి 4న ప్రపంచ క్యాన్సర్ దినం నాడు మహిళలకు గర్భాశయ ముఖద్వార పరీక్షల గురించి వైద్యురాలితో మాట్లాడించాం. రక్తదాన శిబిరం ఒకటి జరిగింది.

రావలసింది ఇంకా రూ. 36,64,000. పై అంతస్తు, లిఫ్టు, తలుపులు, మంచాలు ఈ మొత్తంతో పూర్తవ్వాలి. కింది మూడు గదులు, వంటగది దసరాకు సిద్ధం చేసి, పైన పని సాగుతుండగానే రోగులను తీసుకురావాలని కార్యవర్గం నిర్ణయించింది. కొత్త చోటు ఆసుపత్రులకు కాస్త దూరం కాబట్టి, సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం ఎనిమిదింటికి ఒక వాహనం, నడిపే మనిషి కావాలి. వారంలో ఒక్క రోజైనా రాగలిగినవారు సర్వసభ్య సమావేశం నాడు గుమ్మం దగ్గరున్న పుస్తకంలో పేరు, ఏ రోజో రాయండి. బుధవారానికి ఇప్పటికే ఇద్దరున్నారు.

ఇట్లు,
కార్యదర్శి